జడ్జి తీర్పు చెప్పడు, కలెక్టర్ ఏలడు: టెక్సస్‌లో కౌంటీ ఎలా నడుస్తుంది

మెయిల్‌బాక్స్‌లో ఓ కవరు పడుతుంది. పైన కౌంటీ ముద్ర, లోపల జ్యూరీ సమన్లు, అంటే కేసు విని తేల్చే పౌరుల బృందంలో కూర్చోమని పిలుపు. ఫలానా తేదీ పొద్దున్నే కోర్టుకి రావాలి, రాకపోతే జరిమానా. ఇల్లు హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లది. సాయంత్రానికల్లా ఆ కాగితం ఫొటో వాట్సాప్ గ్రూపులో ఉంటుంది: "అన్నా, ఇదేంటి? గ్రీన్‌కార్డుకి ఏమైనా ఇబ్బందా?" పది జవాబులొస్తాయి. అందులో ఏడు తప్పు.

అసలు సంగతి చిన్నదే. టెక్సస్‌లో జ్యూరీకి పేర్లు తీసేది ఓటర్ల జాబితా నుంచీ, డ్రైవింగ్ లైసెన్సు, ఐడీ కార్డుల జాబితా నుంచీ. లైసెన్సు ఉన్నవాళ్లందరూ పౌరులు కారు గనక, పౌరులు కానివాళ్ల ఇళ్లకీ సమన్లు వెళ్తాయి. "నేను అమెరికా పౌరుణ్ని కాను" అన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, తిప్పి పంపితే అక్కడితో సరి. చెత్తబుట్టలో పడేస్తేనే చిక్కు.

ఇంతకీ ఆ కవరు పంపిందెవరు? చాలా కౌంటీల్లో డిస్ట్రిక్ట్ క్లర్క్, అంటే జిల్లా కోర్టుల కాగితాలు చూసే అధికారి. ఆయనకో ఆమెకో పై అధికారి ఎవరు? ఎవరూ లేరు. నాలుగేళ్లకోసారి ఓట్లు వేయించుకుని గెలిచిన మనిషి ఆ కుర్చీలో కూర్చుంటారు. కౌంటీ అర్థం కావాలంటే ఇదిగో ఇక్కడ మొదలుపెట్టాలి.

మనకి అలవాటైన బొమ్మ వేరు. జిల్లా అంటే కలెక్టరేట్. భూమి తగాదా అయినా, పింఛను ఆగినా, సోమవారం అర్జీ పట్టుకుని వెళ్తే, పని అయినా కాకపోయినా, ఈ జిల్లాకి పెద్ద దిక్కు ఈయన అని ఒక మొహం కనిపిస్తుంది. కౌంటీని మనం మనసులో "జిల్లా" అని అనువదించుకుని అదే మొహం కోసం ఇక్కడా వెతుకుతాం. దొరకదు. టెక్సస్ కౌంటీకి పెద్ద అంటూ లేరు. మర్చిపోయి వదిలేసింది కాదు. కావాలనే అలా కట్టారు.

అన్ని రాష్ట్రాల్లో కౌంటీ ఒకేలా ఉండదు కాబట్టి ఒక చోటు పట్టుకుని చూద్దాం. డాలస్‌కి ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీ తీసుకుంటాను. ఫ్రిస్కో, ప్లేనో, ఆలెన్, మెకిన్నీ అంటే తెలుగువాళ్లకి కొత్త పేర్లేం కావు. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకి కూడా అక్కడ ఒక పిన్ని కొడుకో, బావమరిదో ఉండే ఉంటాడు. 1846లో ఏర్పడిన కౌంటీ ఇది. 1836లో మెక్సికో నుంచి విడిపోతూ టెక్సస్ చేసిన స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన కాలిన్ మెకిన్నీ పేరే కౌంటీకీ పెట్టారు, దాని ముఖ్యపట్టణానికీ పెట్టారు. 2010 జనగణనలో ఇక్కడ 7.82 లక్షల మంది ఉండేవారు. 2020కి 10.64 లక్షలయ్యారు.

కౌంటీని నడిపే సభ పేరు కమిషనర్స్ కోర్ట్. పేరు చూసి మోసపోవద్దు, అది కోర్టు కాదు. కౌంటీని నాలుగు ప్రెసింక్టులుగా కోసి, ఒక్కోదాని నుంచి ఒక కమిషనర్‌ని ఎన్నుకుంటారు. అయిదో మనిషి కౌంటీ జడ్జి. ఆయన్ని కౌంటీ మొత్తం ఎన్నుకుంటుంది, సభకి ఆయనే అధ్యక్షుడు. చిన్న కౌంటీల్లో నిజంగానే కొన్ని కేసులు వింటారు గానీ, కాలిన్ లాంటి పెద్ద కౌంటీల్లో కౌంటీ జడ్జి పని బడ్జెట్, రోడ్లు, జైలు, విపత్తులు. తీర్పులు చెప్పేవాళ్లు వేరే. ఆ పదవికి లా డిగ్రీ కూడా అక్కర్లేదు. రాష్ట్ర రాజ్యాంగం అడిగేది ఒక్కటే: రాష్ట్ర చట్టం బాగా తెలిసిన వ్యక్తి అయి ఉండాలి. తెలుసో లేదో పరీక్ష పెట్టేవాళ్లెవరూ లేరు, ఓటర్లు తప్ప.

2020 మార్చిలో డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో ఇళ్లలోంచి కదలొద్దని ఉత్తర్వులిచ్చింది మేయర్లు మాత్రమే కాదు, కౌంటీ జడ్జీలు కూడా. విపత్తు వేళ కౌంటీకి అత్యవసర నిర్వహణ బాధ్యత చట్టప్రకారం వాళ్లదే. అప్పుడు చాలామంది మొదటిసారి ఆ పేరు విని, "జడ్జి ఏంటి, లాక్‌డౌన్ పెట్టడమేంటి?" అని తల గోక్కున్నారు. కొద్ది వారాలకే గవర్నర్ తన ఉత్తర్వులతో వాటిలో చాలావాటిని పక్కకి నెట్టేశారు. కౌంటీ బలమెంతో, బలహీనత ఎంతో ఆ రెండు నెలల్లోనే తెలిసిపోయింది.

ఆ అయిదుగురి చేతిలో ఉన్న అసలు ఆయుధం డబ్బు సంచి. పన్ను రేటు ఎంతో, ఏ ఆఫీసుకి ఎంత ఇవ్వాలో వాళ్లు తేలుస్తారు. కానీ షెరిఫ్ (కౌంటీ పోలీసు పెద్ద), డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే లాయరు), కౌంటీ క్లర్క్, డిస్ట్రిక్ట్ క్లర్క్, టాక్స్ అసెసర్-కలెక్టర్, కానిస్టేబుళ్లు, జస్టిస్ ఆఫ్ ద పీస్‌లు, పై కోర్టుల జడ్జీలు అందరూ విడివిడిగా గెలిచి వచ్చినవాళ్లు. షెరిఫ్‌కి ఎన్ని కార్లు కొనిపెట్టాలో కమిషనర్లు చెప్పగలరు. ఆ కార్లు ఏ వీధిలో తిరగాలో చెప్పలేరు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయడం కౌంటీ జడ్జి వల్ల కాదు. దానికి ఎన్నిక రావాలి, లేదంటే జిల్లా కోర్టులో విచారణ జరిగి జ్యూరీ తేల్చాలి. ఇంకో విచిత్రం: కౌంటీ పద్దులు చూసే ఆడిటర్‌ని కమిషనర్లు నియమించుకోలేరు. ఆ పని జిల్లా జడ్జీలది. డబ్బు ఖర్చుపెట్టేవాళ్లు లెక్క చూసేవాణ్ని పెట్టుకోకూడదన్న ఈ చిన్న ఏర్పాటు నాకు కౌంటీ నిర్మాణంలోకెల్లా ముచ్చటగా కనిపిస్తుంది.

ఇంత చీలిక ఎందుకు? జవాబు 1876లో ఉంది. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలంలో, 1870 నుంచి 1874 దాకా, ఎడ్మండ్ జె. డేవిస్ గవర్నర్‌గా ఉన్నారు. అప్పటి రాజ్యాంగం గవర్నర్‌కి విస్తారంగా నియామకాల అధికారం ఇచ్చింది. రాష్ట్ర పోలీసు దళం కూడా ఆయన చేతికిందే ఉండేది. నల్లజాతి పౌరుల హక్కులకి ఆయన ప్రభుత్వం అండగా నిలిచింది, దాన్ని సహించలేని తెల్లవాళ్లు అధికారంలోకి తిరిగొచ్చి 1876లో కొత్త రాజ్యాంగం తెచ్చుకున్నారు. ఆ రాతలో వాళ్లకున్న భయం ఒక్కటే: మళ్లీ ఒక్క చేతిలోకి అధికారం పోకూడదు. అందుకే దొరికిన ప్రతి పదవికీ ఎన్నిక పెట్టారు. ఈనాటి మన బ్యాలెట్ చాంతాడంత ఉండడానికి నూట యాభై ఏళ్లనాటి ఆ పగ ఒక కారణం. ఆ రాజ్యాంగమే, వందల సవరణలతో, ఇప్పటికీ నడుస్తోంది.

అదే అచ్చు 254 కౌంటీలకీ. పడమట ఎడారిలో లవింగ్ కౌంటీ ఉంది, 2020 జనగణనలో అక్కడ 64 మంది. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 47 లక్షల పైచిలుకు. రెండుచోట్లా ఒక జడ్జి, నలుగురు కమిషనర్లు. లవింగ్‌లో పన్నెండు పదమూడు మందికి ఒక సభ్యుడు. హారిస్‌లో ఒక్కో కమిషనర్ వెనక పదకొండు లక్షల మందికి పైగా.

ఇక కౌంటీకి లేనిదేంటో చూద్దాం, ఎందుకంటే మనవాళ్ల డబ్బు పోయేది ఇక్కడే. టెక్సస్‌లో కౌంటీ అంటే రాష్ట్రం చాచిన చెయ్యి. చట్టం ఫలానా పని చెయ్యి అని చెప్తేనే అది చేయగలదు. నగరాల్లా తనకి తోచిన నియమాలు చేసుకోలేదు. అందులో ముఖ్యమైనది జోనింగ్. నగరం హద్దులో అయితే ఇక్కడ ఇళ్లు, అక్కడ దుకాణాలు అని గీత గీస్తారు. హద్దు దాటాక, ఏ నగరంలోనూ చేరని నేల మీద, కౌంటీకి సాధారణంగా ఆ అధికారం లేదు. స్థలాన్ని ప్లాట్లుగా కోసేటప్పుడు కాగితాలు చూస్తుంది, సెప్టిక్ ట్యాంకుకి పర్మిట్ ఇస్తుంది, వరద ముంపు సంగతి చూస్తుంది. పక్క ఎకరంలో కాంక్రీటు కలిపే ప్లాంటు పెడుతుంటే "ఇక్కడ కుదరదు" అనలేదు.

"ఎకరం స్థలం, సిటీ టాక్స్ లేదు, అడ్రస్ మాత్రం మెకిన్నీ" అని మనవాళ్ల మధ్య తిరిగే ప్రకటనలు చూసే ఉంటారు. చిరునామాలో ఊరి పేరు తపాలా శాఖ ఇచ్చింది. ఆ పేరున్నంత మాత్రాన స్థలం ఆ నగరంలో ఉన్నట్టు కాదు. అక్కడ 911కి ఫోన్ చేస్తే వచ్చేది నగర పోలీసు కాదు, షెరిఫ్ డెప్యూటీ. మంటలార్పేది స్వచ్ఛంద అగ్నిమాపక దళమో, ప్రత్యేక అత్యవసర సేవల జిల్లానో అయ్యుండొచ్చు. సిటీ టాక్స్ లేదన్నది నిజమే. దాంతోపాటు ఏమేం లేవో బ్రోకర్ చెప్పడు.

హద్దుల గజిబిజి అక్కడితో ఆగదు. ఫ్రిస్కో నగరం కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో పరుచుకుని ఉంది. ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టులో ప్లేనో ఇళ్లున్నాయి, మెకిన్నీ ఇళ్లున్నాయి. స్కూలు కౌంటీదీ కాదు, నగరానిదీ కాదు. దాని బోర్డు వేరు, దాని పన్ను వేరు. మంచినీళ్లు, చెత్త నగరానివి. డ్రైవింగ్ లైసెన్సు రాష్ట్రానిది. కారు రిజిస్ట్రేషన్ కూడా రాష్ట్రానిదే గానీ దాని కౌంటరు కౌంటీ టాక్స్ ఆఫీసులో ఉంటుంది. వచ్చిన కొత్తలో నేను లైసెన్సు కోసం ఓ కౌంటీ కౌంటరు ముందు ముప్పావు గంట నిలబడి, "బాబూ, ఇది కాదు" అనిపించుకుని వచ్చాను. తప్పు నాదే, బోర్డు చదవలేదు.

పన్ను దగ్గరికి వద్దాం. కాగితాల మీద కౌంటీ పేరు కనపడే చోటు ఇదే, తిట్లు తినే చోటూ ఇదే. టాక్స్ అసెసర్-కలెక్టర్ అన్న పదవిలో "అసెసర్" ఉంది గానీ ఇంటికి విలువ కట్టేది ఆయన కాదు. "కలెక్టర్" ఉంది, అదీ అక్షరాలా వసూలుదారే. మన కలెక్టర్ పేరు కూడా శిస్తు వసూలు నుంచి పుట్టిందే; ఈస్టిండియా కంపెనీ ఆ పేరు పెట్టింది అందుకే. అక్కడ వసూలు చేసే మనిషికి మేజిస్ట్రేటు అధికారం కూడా తోడై జిల్లాకి దొర అయ్యాడు. ఇక్కడ వసూలు దగ్గరే ఆగిపోయాడు.

విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే మరో సంస్థ. 1979 చట్టంతో పుట్టింది. అంతకుముందు ఒకే ఇంటికి నగరం ఒక విలువ, స్కూలు ఒక విలువ, కౌంటీ ఇంకో విలువ కట్టేవి. ఇప్పుడు అందరికీ ఒకటే విలువ. దాని మీద ఎవరి రేటు వాళ్లు వేసుకుంటారు. కౌంటీ టాక్స్ ఆఫీసు చాలా నగరాల, స్కూళ్ల తరఫున కూడా కలిపి ఒకే బిల్లు పంపుతుంది. బిల్లు మీద పేరు కౌంటీది, డబ్బు చాలావరకు స్కూలుది.

లెక్క వేసి చూద్దాం. ఇంటి విలువ 5 లక్షల డాలర్లు అనుకోండి. కాలిన్ కౌంటీ రేటు ఈమధ్య ప్రతి వంద డాలర్లకి దాదాపు 15 సెంట్లు ఉంటోంది. అంటే 750 డాలర్లు. స్కూలు రేటు డాలరు మూడు సెంట్లు అనుకుందాం. సొంత ఇంట్లో ఉండేవాళ్లకి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది: స్కూలు పన్నులో లక్ష డాలర్లు తీసేస్తామని 2023లో ఓటర్లు ఒప్పుకున్నారు, 2025లో దాన్ని 1.4 లక్షలు చేశారు. మిగిలిన 3.6 లక్షల మీద స్కూలు పన్ను 3,708 డాలర్లు. నగరం 43 సెంట్లనుకుంటే 2,150. కమ్యూనిటీ కాలేజీ 8 సెంట్లు, 400. మిగతా చిన్న మినహాయింపులు పక్కన పెడితే మొత్తం ఏడు వేల ఎనిమిది. అందులో కౌంటీ వాటా రూపాయిలో పదకొండు పైసలు కూడా నిండవు. ఇంత కట్టించుకోవడానికి కారణం కూడా తెలిసిందే, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. ఆ భారంలో పెద్ద వాటా ఇంటి మీద పడింది.

ఆ హోమ్‌స్టెడ్‌కి దరఖాస్తు ఉచితం. ఇల్లు కొన్న కొత్తలో ప్రభుత్వ కాగితంలాగే కనిపించే ఉత్తరాలొస్తాయి, ఫీజు కడితే మేం దాఖలు చేస్తామని. కట్టకండి. ఒకసారి మినహాయింపు అందాక, పన్ను వేసే విలువ ఏడాదికి పది శాతానికి మించి పెరగదు. ఆ పరిమితి విలువకే తప్ప పన్ను రేటుకి కాదు.

విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మే 15 లోగా, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోగా, ఏది ఆలస్యమైతే అప్పటికి, ప్రొటెస్ట్ (అభ్యంతరం) వేయాలి. ముందు అప్రైజర్‌తో మాట్లాడతారు. అక్కడ తెగకపోతే రివ్యూ బోర్డు ముందుకి. బోర్డులో ఉండేది మామూలు పౌరులే. నేను చూసినంతలో మనవాళ్లు అక్కడ చేసే పొరపాటు ఒకటుంది: "పన్నులు భరించలేకపోతున్నాం సార్" అంటారు. బోర్డుకి పన్నుతో పని లేదు. జనవరి 1న ఈ ఇల్లు ఎంతకి అమ్ముడుపోయేది, ప్రధానంగా అదే వాళ్ల ముందున్న ప్రశ్న. పక్క వీధిలో అలాంటి ఇల్లు తక్కువకి పోయిందా, పునాదిలో పగులుందా, రిపేరుకి కాంట్రాక్టర్ ఎంత అడిగాడు, ఇవి కాగితాల మీద పెట్టాలి. గోడ పగులు పక్కన టేపు పెట్టి తీసిన ఒక్క ఫొటో పది నిమిషాల ఆవేదన కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

పన్నులు ఎక్కువన్న మాట చెప్పుకోవాల్సిన చోటు వేరే ఉంది: ఆగస్టు, సెప్టెంబరులో కౌంటీ, నగరం, స్కూలు తమ తమ రేట్లు ఖాయం చేసే బహిరంగ సభలు. కొత్త ఆర్థిక సంవత్సరం కౌంటీలో అక్టోబరు 1న మొదలవుతుంది గనక అంతకుముందే రేటు తేలాలి. 2019 చట్టం ప్రకారం, ఉన్న ఆస్తుల మీద రోజువారీ ఖర్చులకి కౌంటీ వసూలు 3.5 శాతాన్ని మించి పెరగాలంటే ఓటర్లని అడగాలి. అంతకుముందు ఆ గీత 8 శాతం దగ్గర ఉండేది. మేలో ప్రొటెస్ట్‌కి ఎగబడే జనం ఆగస్టులో ఈ సభల దగ్గర కనపడరు. ఇంటి రుణం కంపెనీ ఎస్క్రోలోంచి (నెలనెలా మన దగ్గర తీసుకుని పక్కన పెట్టే ఖాతాలోంచి) పన్ను కట్టేస్తుంటే, చాలామంది ఆ బిల్లు మొహం కూడా చూడరు.

కౌంటీ డబ్బులో పెద్ద ముద్ద పోలీసు, కోర్టు, జైలు తింటాయి. నగర పోలీసు పట్టుకున్నవాళ్లని కూడా చివరికి ఉంచేది కౌంటీ జైల్లోనే. ఇళ్లు కొని అద్దెకిచ్చిన మనవాళ్లకి పరిచయమయ్యే కోర్టు మాత్రం జస్టిస్ ఆఫ్ ద పీస్. అద్దె ఎగ్గొట్టినవాణ్ని ఖాళీ చేయించాలన్నా, 20 వేల డాలర్ల లోపు బాకీ రాబట్టాలన్నా అక్కడికే. కాగితం తీసుకెళ్లి తలుపు మీద అతికించే కానిస్టేబుల్ మన ఊరి కానిస్టేబుల్ లాంటి చిరుద్యోగి కాదు, గెలిచి వచ్చిన అధికారి, లేదా ఆయన డెప్యూటీ.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఇదంతా చదివి "మా దగ్గర ఇలా కాదే" అంటే వాళ్లదీ నిజమే. వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి సొంత పోలీసు ఉంది, జోనింగ్ ఉంది, బోర్డు నియమించిన కౌంటీ ఎగ్జిక్యూటివ్ ఉన్నారు. అక్కడ షెరిఫ్ ప్రధానంగా జైలూ కోర్టూ చూసుకుంటారు. న్యూజెర్సీలో కౌంటీ సభ్యుల్ని 2020 దాకా "ఫ్రీహోల్డర్లు" అనే పిలిచేవారు, భూమి ఉన్నవాడికే పదవి అన్న కాలం నాటి మాట; 2021 జనవరి నుంచి కమిషనర్లు అయ్యారు. కనెక్టికట్ అయితే 1960లో కౌంటీ ప్రభుత్వాలనే ఎత్తేసింది. ఊరు మారితే పాఠం మళ్లీ మొదటికే.

చివరగా కౌంటీ క్లర్క్. భూమి దస్తావేజులు, జనన మరణ పత్రాలు, చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్ల దుకాణం పేర్లు, అన్నీ ఆ పుస్తకాల్లోకి ఎక్కుతాయి. పెళ్లి లైసెన్సు ఇచ్చేదీ అక్కడే. జంట ఇద్దరూ కౌంటరు దగ్గరికి వెళ్లి, ఐడీ చూపించి, అబద్ధం లేదని ప్రమాణం చేస్తే కాగితం చేతికొస్తుంది. కానీ వెంటనే పనికిరాదు. 72 గంటలు ఆగాలి. సైన్యంలో ఉన్నవాళ్లకి, పెళ్లికి ముందు నిర్ణీత తరగతులకి వెళ్లినవాళ్లకి మాత్రం సడలింపు. తొంభై రోజులు దాటితే అది చెల్లదు. ఏ కౌంటీలో తీసుకున్నా టెక్సస్ మొత్తంలో చెల్లుతుంది గనక, లైసెన్సు మెకిన్నీలో, ముహూర్తం హ్యూస్టన్‌లో అయినా ఫర్వాలేదు.

మన పెళ్లిళ్లలో దీనికి ముహూర్తమే పెద్ద పరీక్ష. శనివారం తెల్లవారుజామున మూడింటికి లగ్నం. గురువారం మధ్యాహ్నం గుర్తొచ్చి కౌంటరుకి పరుగెత్తితే, పంతులుగారి లెక్క సరిపోతుంది, క్లర్కు లెక్క సరిపోదు. బుధవారం ఉదయం వెళ్లినా మూడు గంటలకి 72 గంటలు నిండవు. మంగళవారమే వెళ్లి ఉండాలి. అందుకే అనుభవమున్న పురోహితులు శుభలేఖ చూడగానే అడిగే మొదటి మాట, "లైసెన్సు తెచ్చుకున్నారా అమ్మా?" తలంబ్రాలయ్యాక, భోజనాల పిలుపుకి ముందు, ఎవరో ఒక మేనమామ పెన్ను వెతుకుతాడు. పంతులుగారు చేతి పసుపు పంచెకి తుడుచుకుని సంతకం పెడతారు. ముప్పై రోజుల్లో ఆ కాగితం క్లర్కు దగ్గరికి తిరిగి చేరాలి. అక్కడ నకలు పుస్తకంలోకి ఎక్కించి, అసలు కాగితాన్ని జంట ఇంటికి పోస్టులో పంపుతారు, మూలన కొంచెం పసుపు మరకతో.